వేరా, పువ్వా?

మా వరండా గ్రిల్లుకు ఒక ఆర్కిడ్ కుండీ వేలాడుతుంది. ప్రొద్దుటూరు ఎండల్లో ఆర్కిడ్ ఏమిటని నవ్వేవాళ్లు నవ్వుతూనే ఉన్నారు, అది బతుకుతూనే ఉంది. మా బజార్లో మల్లెలూ కనకాంబరాలూ మూరల లెక్కన దొరుకుతాయి. పూయమని చెట్టును బతిమాలుకునే అవసరం ఇక్కడ ఎవరికీ రాలేదు. నేను మాత్రం ఈ చెట్టును బతిమాలాను, తిట్టాను, అలిగి కొన్నాళ్లు మాట్లాడకుండా నీళ్లు పోశాను. దానికేమీ పట్టలేదు.

అది మా ఇంటికి వచ్చిన తీరు కూడా గొప్పదేం కాదు. పులివెందులలో మా పెద్దమ్మ కొడుకు కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశం చేశాడు. గుమ్మానికి అటొకటి ఇటొకటి, బెంగుళూరు నుంచి తెప్పించిన ఆర్కిడ్ కుండీలు పెట్టారు. వచ్చినవాళ్లంతా ఆ ఊదారంగు పూల పక్కన నిలబడి ఫోటోలు దిగారు. కొన్ని నెలలకు ఏదో పని మీద మళ్లీ వెళితే, పూలన్నీ రాలిపోయి కుండీలు రెండూ ప్రహరీ మూలన పాత పెయింటు డబ్బాల పక్కన పడి ఉన్నాయి. ఒకటి పూర్తిగా ఎండిపోయింది. రెండోదానికి రెండు ఆకులు మిగిలాయి. వడలిపోయినా పచ్చగానే ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. పూసినన్నాళ్లు గుమ్మంలో నిలబెట్టి, పూలు రాలగానే మూలకు తోసేయడం చెట్టు విషయంలోనైనా మనిషి విషయంలోనైనా నాకు నచ్చదు. నేను తీసుకుపోతానన్నాను.

"సచ్చిన చెట్టును ఏం చేసుకుంటావక్కా?" అని తమ్ముడు నవ్వాడు.

బస్సులో తొండూరు దాటి ముద్దనూరు దాకా దాన్ని ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను. దాని వేర్లు కుండీలోంచి బయటికి చాచుకుని పక్కామె చీరకు తగులుతున్నాయి. "ఏందక్కా అది, కలబందా?" అని కండక్టరు అడిగాడు. ఆర్కిడ్ అని చెబితే అదేమిటో మళ్లీ చెప్పాలి. "అవునప్పా, కలబందే" అన్నాను.

ఇంట్లో మొదటి పరీక్ష మా అత్త దగ్గర. ఆమెది జమ్మలమడుగు, పెన్న నీళ్లు తాగి పెరిగిన నోరు. అప్పటికే ఆమె రెండు కండ్లలోనూ శుక్లాలు ముదురుతున్నాయి. కుడికంటికి వెలుగు తప్ప ఏమీ తెలియదు. ఎడమకంటితో ఆకారాలు పోల్చుకుంటుంది. అందుకని ఏ వస్తువు తెచ్చినా చేత్తో తడిమి చూస్తుంది. ఆర్కిడ్‌నూ తడిమింది.

"ఆకులు రెండే, ఏర్లేమో గాల్లో. మన్ను లేదు, వట్టి బొగ్గులు. ఇది చెట్టేందిమే?"

"ఇది ఇట్లనే పెరుగుతాదంటత్తా."

"పెరిగితే పెరగనీలే. దానికి పెట్టేది లేదు, పోసేది లేదు" అంది.

పోసేది మాత్రం ఉంది. మా బోరు నీళ్లు ఉప్పన, ఆకుల మీద తెల్లగా మరకలు కట్టేవి. పక్కింటామె భర్త కువైట్‌లో డ్రైవరు. ఆయన పంపిన డబ్బుతో ఆమె ఏసీ పెట్టించుకుంది. ఆ ఏసీ పైపు నుంచి కారే నీళ్లు ఉప్పు లేనివని ఎక్కడో చదివి, గోడ మీదుగా ఒక బకెట్ ఇచ్చాను. అప్పటి నుంచి ఆమె రోజూ బకెట్ నింపి గోడ మీద పెడుతుంది. "మా ఆయన ఎండలో బండి తోల్తాంటే నీ చెట్టు చల్లగా తాగుతాంది గదక్కా" అని ఎత్తిపొడుస్తుంది, మళ్లీ తనే వచ్చి ఆకులు తుడుస్తుంది.

మొదటి ఏడాది చలికాలంలో ఆకు పక్క నుంచి పచ్చటి మొలక ఒకటి వచ్చింది. మా ఆయనకు బజారులో బ్లౌజు గుడ్డల మ్యాచింగ్ సెంటర్ ఉంది. మెంతాకు పచ్చకూ చిలకపచ్చకూ తేడా ఆయన దారిలో నడుస్తూ చెప్పగలడు. ఆ మొలకను చూసి, "పూలకాడ! ఊదారంగే పూస్తుంది, రాసిపెట్టుకో" అన్నాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. అంతటితో ఆగకుండా చీపురుపుల్ల గుచ్చి, అంగట్లోంచి తెచ్చిన ఎర్రదారంతో ఆ మొలకను నిటారుగా కట్టాడు. అది నెల తిరక్కుండా దారంలోంచి జారుకుని, పక్కకు తిరిగి, గోడ వైపు పోయింది. వేరు. ఆ పుల్ల చాలాకాలం కుండీలో ఒంటరిగా నిలబడి ఉంది. చుట్టాలొచ్చినప్పుడల్లా నేను చూపించేదాన్ని.

ఆ తర్వాత నేను పట్టుదలగా నేర్చుకున్నాను. వేరు, పూలకాడ రెండూ మొదట్లో ఒకేలా ఉంటాయి. ఆకు మొదట్లోంచి వచ్చే చిన్న పచ్చటి బుడిపె, అంతే. కొన్నాళ్లు ఆగితే తేడా తెలుస్తుంది. వేరు కొస గుండ్రంగా, నున్నగా, పెసరగింజలా మెరుస్తుంది. పూలకాడ కొస బల్లపరుపుగా, ఒక పక్కకు వంగి, చిలక ముక్కులా ఉంటుంది. వేరు తనకిష్టమైన దిక్కుకు పోతుంది, ఎక్కువగా కిందికి. పూలకాడ వెలుతురు చూసుకుని పైకి లేస్తుంది. వేరు సాగేకొద్దీ కొస మాత్రం పచ్చగా మిగిలి, వెనక భాగమంతా వెండి పూసినట్టు తెల్లబడుతుంది. కాడ మొదటి నుంచి చివరిదాకా పచ్చగానే ఉండి, మధ్యలో కణుపులు కడుతుంది. ఇవన్నీ తెలిసినా మొదటి వారాల్లో ఏదీ తేల్చి చెప్పలేం. ఓపిక పట్టాలి. ఆ ఒక్కటే నా దగ్గర లేనిది.

ఇక అత్త కండ్ల సంగతి. జమ్మలమడుగులో ఆమెను కంటి డాక్టరుకు చూపించాం. "ఇంకా ఆలస్యం చేస్తే ముదిరిపోయి ఆపరేషన్ కష్టమవుతుంది. ఎడమకన్ను కూడా కుడికన్ను దారే పడుతుంది" అని ఆయన గట్టిగా చెప్పాడు. అత్త విననట్టు కూర్చుంది. ఇంటికొచ్చాక నేను రోజూ అడగడం, ఆమె రోజూ కొట్టిపారేయడం.

"ఈ వయసులో నేను కొత్తగా చూసేదేముంది? చూసినవన్నీ తలకాయలో ఉండాయి" అనేది.

"వంటింట్లో పొయ్యి కనపడక చెయ్యి కాల్చుకునింటివే, అది కూడా తలకాయలోనే ఉందా?"

"నా చెయ్యి, నా ఇష్టం."

ఆమె పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్లు. అది మొండితనమనే నేను అనుకుంటూ వచ్చాను. నా గొంతు పెరిగేది, ఆమె గొంతు ఇంకా పెరిగేది. మా ఆయన చెప్పులేసుకుని అంగడికి పోయేవాడు.

కిందటి చలికాలంలో మళ్లీ ఒక మొలక వచ్చింది. అప్పటికి చెట్టు నాలుగైదు ఆకులు వేసి, నిండుగా తయారైంది. మొలక కూడా ఈసారి ఆకుల నడుమ నుంచి, కొంచెం పైకి చూస్తూ వచ్చింది. పక్కింటామె ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి, పెద్దది చేసి చూసింది.

"ఈసారి పువ్వేక్కా! చూడు, పైకి లేస్తాంది."

"వేరే అయ్యుంటాది. పోయినసారీ ఇట్లనే మురిసిపోయినాం."

"నీ నోట్లోంచి మంచి మాట రాదా?"

మేమిద్దరం వరండాలో ఇలా వాదించుకుంటుంటే, మంచం మీద కూర్చున్న అత్త విసుక్కుంది. ఆ పొద్దున కూడా ఆపరేషన్ మాట మీద మాకు గొడవ జరిగి ఉంది. ఆ వేడి ఇంకా చల్లారలేదు.

"సరే, ఇనుకో" అంది. "అది పువ్వయితే నేను కన్ను కోపిచ్చుకుంటా. పువ్వు చూడాల గదా మరి. ఏరయితే ఇంక ఆ మాటెత్తుకుని నా జోలికి రావద్దు. ఇద్దరికీ ఇడుపు."

అనేసి అటు తిరిగి పడుకుంది. పక్కింటామె, నేను మొహాలు చూసుకున్నాం. మా అత్త ఒక మాట అంటే దాన్ని వెనక్కి తీసుకోవడం నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి చూడలేదు. అది మాకు మంచీ, అదే మాకు చెడూ.

మర్నాడు పొద్దున నీళ్లు పోద్దామని వెళ్లేసరికి మొలక కొస నల్లగా ఉంది. కుళ్లిందేమో అనుకున్నాను. దగ్గరికి వంగి చూస్తే ఆముదం వాసన. అత్త తన కాటుకతో మొలకకు దిష్టిచుక్క పెట్టింది. మా ఇంట్లో ఇది అలవాటే. తీగకు కాసిన మొదటి సొరకాయకూ, కొత్త మిక్సీకీ, మా ఆయన కొన్న స్కూటర్ మడ్‌గార్డుకూ, అన్నిటికీ ఆమె చుక్క పడింది. ఆముదం దీపం మీద తనే పట్టుకునే కాటుక అది, ఒకసారి అంటితే వదలదు. ఇక్కడ మాత్రం చూపు ఆనక, వేలితో తడుముకుంటూ సరిగ్గా కొసనే ముంచేసింది. వేరా, పువ్వా అని తేల్చాల్సిన చోటే అది. పెసరగింజో, చిలక ముక్కో, ఇప్పుడంతా నల్ల ముద్ద.

"ఏందత్తా ఇది! కొసకు యాడన్నా పెడతారా?"

"దిష్టి తగిలేది కొసకే గదా. నిన్న మీరిద్దరూ ఎన్ని కండ్లు పెడితిరి దానిమీద!"

తుడుద్దామంటే లేత మొలక, విరిగిపోతుంది. నేను గొణుక్కుంటూ వంటింట్లోకి పోయాను. పోపు వేస్తూ ఉండగా ఒక సంగతి తట్టింది. పువ్వయితే ఆపరేషన్‌కు పోవాలి. పోవడం ఇష్టం లేని మనిషి ఆ మొలకకు దిష్టి తగలకూడదని ఎందుకు చుక్క పెడుతుంది? ఆమె కూడా పువ్వే కావాలనుకుంటోంది. తనంతట తాను సరేనని ఒప్పుకోలేక, ఆ భారమంతా ఒక చెట్టు మీద వేసింది. పోపు మాడింది గానీ ఆ పూట నాకు అత్త మీద కోపం రాలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో అందరి పనీ ఆ మొలకను చూడటమే. మా ఆయన అంగడికి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి. పక్కింటామె భర్తకు వీడియో కాల్ చేసి, ఫోన్ తిప్పి మొలకను చూపించింది. ఆయన అక్కడి నుంచి, "పువ్వే, దువా చేస్తా" అన్నాడట. అత్త మాత్రం అడిగేది కాదు. మేం చూసొచ్చాక మా మాటల కోసం చెవి ఒగ్గి కూర్చునేది.

కొన్నాళ్లు మొలక అంగుళమైనా కదల్లేదు. ఆపైన సాగడం మొదలుపెట్టింది. ఒక ఉదయం దాని నల్లటి కొస వెనక, సన్నగా, వెండి పూసినట్టు తెల్లటి పొర కనిపించింది. నేను కండ్లు నులుముకుని మళ్లీ చూశాను. ఆ వారంలోనే అది కిందికి వంగి, మట్టి కుండీ అంచుమీదుగా బయటికి దిగింది. ఇంక అనుమానం లేదు. వేరు.

మా ఆయనకు చెబితే ఆయన తల గోక్కున్నాడు. "అమ్మకేం కనబడుతుంది? పువ్వని చెప్పేయ్."

పక్కింటామె ఇంకో అడుగు ముందుకేసింది. "ఫ్యాన్సీ షాపులో ప్లాస్టిక్ పూలు అచ్చం ఇట్లనే దొరుకుతాయక్కా. ఒక కొమ్మ గుచ్చుదాం. అవ్వ తడిమి చూసినా తెలీదు. ఆపరేషన్ అయినాక తిట్టితే తిట్టనీ."

నిజం చెబుతున్నాను, నాకు ఆశ పుట్టింది. మంచి కోసమే కదా. మధ్యాహ్నందాకా ఆలోచించాను. కానీ నాకు మనసొప్పలేదు. చూపు తగ్గినప్పటి నుంచి ఆమె మా మాట పట్టుకునే నడుస్తోంది. గడప ఉందంటే కాలెత్తుతుంది, గ్లాసు వేడంటే చెయ్యి తీస్తుంది. ఆ మాటనే అబద్ధం చేస్తే ఇంక ఆమె దేన్ని పట్టుకుని నడవాలి? కావాలంటే కాళ్లు పట్టుకుని ఆపరేషన్‌కు ఒప్పిద్దాం గానీ, ఇది వద్దని ఇద్దరికీ గట్టిగా చెప్పాను.

సాయంత్రం అత్త పక్కన కూర్చున్నాను.

"అత్తా, అది ఏరే."

ఆమె మొహం చిన్నబోవడం నాకు కనిపించింది. తన మొహం నాకు కనిపిస్తుందన్న ధ్యాస ఆమెకు లేదు, దాచుకోలేదు.

"యాడ, సూపీ" అంది.

కుండీ దింపి ఒళ్లో పెట్టాను. ఆకుల మీదుగా వేలు జరుపుకుంటూ మొదలు పట్టుకుంది, అక్కడి నుంచి వేరు వెంబడి కిందికి వచ్చింది. అది కుండీ అంచు దాటి పక్కకు దిగిన చోట, కుండీ గోడకు అంటుకుని ఉంది. గోటితో మెల్లగా కదిపింది. రాలేదు. ఇంకోసారి కదిపింది.

"పట్టుకునిందే ఇది!"

"ఆ ఏర్లు అట్లనే కరుచుకుంటాయత్తా. లాగితే తెగుతాయి గానీ ఊడి రావు."

"ఇది పులివెందుల్లో పారేసిన చెట్టే గదా?"

"అదే."

"రెండాకులతో వచ్చె గదా."

"ఊ."

వేలు అక్కడి నుంచి తీయలేదు. తర్వాత, నేను అడగకుండానే, నాకు ఇన్నేండ్లుగా చెప్పని మాట చెప్పింది. ఆమె చిన్నతనంలో వాళ్ల పెద్దక్కకు కన్ను కోశారట. తలకు అటూ ఇటూ ఇసుక మూటలు పెట్టి, కదలకూడదని రోజుల తరబడి పడుకోబెట్టారట. కట్టు విప్పాక, అంతకుముందున్న మసక చూపు కూడా లేదట. "నేనే చెయ్యి పట్టుకుని తిప్పుతాంటి. మాయక్క నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకునేదో నాకు ఇంకా తెలుస్తాంటాది" అంది.

మొండితనమని నేను ఇన్నాళ్లూ కసురుకున్నది భయం. ఇప్పుడు అలా చేయరనీ, ఇసుక మూటలు లేవనీ, అర్ధగంట పని అనీ ఏదో చెప్పబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"పోయేదయితే ఏరెందుకేస్తాది?" అంది, చెట్టును ఉద్దేశించి. "పువ్వుదేముంది, నాలుగు దినాలు పూసి రాలిపోతాది. ఏరేసిందంటే ఉండాలనుకుంటాందనే గదా."

తర్వాత నా వైపు తిరిగింది.

"ఏరయితే నా జోలికి రావద్దంటి. నువ్వు రావద్దు. మాట మాటే. నేనే పోతా. ఆ డాక్టరు దగ్గరికి ఎప్పుడు బస్సుందో వాన్ని కనుక్కోమను."

"వాన్ని" అంటే మా ఆయన. ఆయన ఆ పూట అంగడి కూడా తెరవకుండా బస్సులు కనుక్కునేందుకు పోయాడు.

ఆపరేషన్‌కు జమ్మలమడుగు పోయాం. లోపలికి తీసుకుపోయేటప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు ఒకటి చిట్లింది. తీసుకుపోయినంతసేపూ పట్టలేదు, తీసుకొచ్చేశారు. "అయిపాయనా? ఇంతేనా?" అని నర్సును మూడుసార్లు అడిగిందట. ఇసుక మూటలు ఏవని కూడా అడిగిందట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు గానీ ఆమె మాత్రం హాయిగా గురక పెట్టింది.

మర్నాడు కట్టు విప్పారు. ఎడమకంటికే చేశారు, బాగా ముదిరిన కుడికన్ను సంగతి తర్వాత చూద్దామన్నారు. డాక్టరు వేళ్లు చూపించి ఎన్నని అడిగితే, "వేళ్లు సరేలే నాయనా, గోర్లు కత్తిరించుకోరాదా?" అంది. ఆయన నవ్వుతూనే, కొన్నాళ్లు కంట్లో నీళ్లు పడకూడదనీ, తలస్నానం వద్దనీ, చుక్కల మందు తప్పకుండా వేసుకోవాలనీ చెప్పాడు. ఆమె గోడ గడియారం చూసి టైము చదివింది. కిటికీ చూసింది. పక్క మంచం ముసలాయనకు పంచె జారుతోందని చెప్పింది. చిన్నపిల్లలా తల తిప్పి ఒక్కొక్కటే పేరు పెట్టి చెబుతోంది. మా ఆయనను చూసి, "పొట్టొచ్చిందే నీకు!" అని నవ్వింది.

ఆఖరికి నా వైపు తిరిగింది. నవ్వు ఆగిపోయింది. దగ్గరికి రమ్మని చెయ్యూపింది. నేను మంచం మీద కూర్చుంటే, గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురుకు తిప్పింది. కండ్ల కింద, నుదుటి మీద, చెంపల దగ్గర చూసింది. పాపిట దగ్గర వేళ్లు పెట్టి వెంట్రుకలు విడదీసింది.

"ఎప్పుడు తెల్లబడెనే ఇంత? చెప్పనే లేదే నాకు."

"నువ్వడగలేదు గదత్తా."

"నేను ఇన్ని దినాలూ నీ పాత మొకాన్నే తిడతాంటి" అంది. "ఈ మొకమని తెలిస్తే తిట్టేదాన్ని కాదు."

ఆమెను చూడాలని పోరింది నేనే. ఆమె చూసే మొదటి వాటిలో నేను కూడా ఉంటానని నాకు ఒక్కసారైనా తోచలేదు. అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా వచ్చేసింది. ఆసుపత్రిలో అందరూ చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చాను. అత్త కంగారుగా పైట కొంగుతో నా మొహం తుడిచింది, నన్ను కొంచెం అవతలికి తోసింది.

"ఏడ్సాకు మే. నువ్వేడిస్తే నాకూ వస్తాది. కంట్లో నీళ్లు పడగూడదని ఇప్పుడే గదా చెప్పె డాక్టరు."